లూసీ విల్స్ కొట్టేసిన కారణాలు



1920లలో బొంబాయి ఆస్పత్రుల్లో ఒక రకం రక్తహీనత గర్భిణుల ప్రాణాల మీదికి తెచ్చేది. ఆరో నెలో ఏడో నెలో వచ్చేసరికి మనిషి తెల్లగా పాలిపోయేది. నాలుక పూసి, కారం తగిలితే విలవిల్లాడేది. కాళ్లకు నీరు పట్టేది. బిందె ఎత్తితే ఆయాసం. ఇనుము మందు ఎంత పోసినా రక్తం పట్టేది కాదు. ఎలాగో నెలలు నిండి కాన్పు దాకా వచ్చినా, కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకునే శక్తి ఒంట్లో ఉండేది కాదు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో ఈ జబ్బు బాగా కనిపించేది.

ఇది ఎందుకు వస్తోందో తేల్చడానికి 1928లో లండన్ నుంచి ఒక డాక్టరు వచ్చారు. పేరు లూసీ విల్స్. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు. ఆమె గురించి రాసేవాళ్లంతా మార్మైట్ అనే ఈస్ట్ సారం సంగతి తప్పకుండా చెబుతారు. అది చెప్పుకోదగ్గ సంగతే. నాకు మాత్రం ఆమె పనిలో అంతకంటే గొప్పగా కనిపించేది వేరే ఉంది. అనుమానం వచ్చిన ప్రతి కారణాన్నీ పరీక్షకు నిలబెట్టి, ఇది కాదు అని తేలాక నిర్మొహమాటంగా కొట్టేసి, తరవాతి దానికి వెళ్లడం. పదేళ్లపాటు ఆమె చేసింది అదే. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నదీ ముఖ్యంగా దాని గురించే.

లూసీ విల్స్ 1888లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సటన్ కోల్డ్‌ఫీల్డ్‌లో పుట్టారు. కొడవళ్లు తయారుచేసే వ్యాపారం ఆ కుటుంబానిది. కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కాలేజీలో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి 1911లో పరీక్షలు పూర్తిచేశారు. పరీక్షలు ప్యాసయినా పట్టా రాలేదు. ఆడవాళ్లకు పూర్తి పట్టా ఇవ్వడానికి కేంబ్రిడ్జి 1948 దాకా ఒప్పుకోలేదు. మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి ఆమె దక్షిణాఫ్రికాలో ఉన్నారు. కేప్‌టౌన్‌లో కొన్నాళ్లు నర్సుగా సేవ చేసి, తిరిగివచ్చి 1915లో లండన్ మహిళా వైద్య కళాశాలలో చేరారు. 1920లో డాక్టరయ్యారు. మన దేశం నుంచి వెళ్లిన అమ్మాయిలు చదువుకున్న కాలేజీ అది. బొంబాయిలో పేరుపడ్డ డాక్టర్ జెరుషా జిరాద్ కూడా అక్కడే చదివారు. విల్స్ ప్రాక్టీసు పెట్టలేదు. రాయల్ ఫ్రీ ఆస్పత్రి ప్రయోగశాలలో గర్భిణుల జబ్బుల మీద పరిశోధనకు కూర్చున్నారు. మన దేశంలో బాలింత మరణాల మీద అధ్యయనం చేస్తున్న డాక్టర్ మార్గరెట్ బాల్ఫర్ ఆమెను బొంబాయికి రమ్మన్నారు. అక్కడి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమెకు చోటు దొరికింది.

ఈ జబ్బు రక్తంలో ఎలా కనిపిస్తుందో కొంచెం వివరంగా చెబుతాను. అది తెలిస్తేనే ఆమె పని బరువు తెలుస్తుంది.

ఇప్పుడైతే నెత్తుటి బొట్టు యంత్రంలో పెడితే నిమిషంలో లెక్కలన్నీ చీటీ మీద అచ్చయి వస్తాయి. ఆ రోజుల్లో అలా కాదు. వేలికొన మీద సూదితో గుచ్చి, పైకి ఉబికిన బొట్టును సన్నటి గాజు గొట్టంలోకి గీత వరకు పీల్చాలి. దాన్ని రెండువందల రెట్లు పల్చన చెయ్యాలి. గడులు చెక్కిన గాజు పలక మీద ఒక చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి గడి తరవాత గడి లెక్కబెట్టాలి. గీత మీద పడిన కణాల సంగతేమిటి? దానికీ ఒక కట్టుబాటు ఉంది. రెండు పక్కల గీతల మీద పడ్డవాటిని లెక్కలోకి తీసుకుంటారు, మిగతా రెండు పక్కలవి వదిలేస్తారు. లేకపోతే ఒకే కణం రెండు గడుల్లో లెక్కకొస్తుంది. ఇలా ఒక్కో మనిషికి, మళ్లీ మళ్లీ. ఆరోగ్యంగా ఉన్న స్త్రీ రక్తంలో ఒక ఘనపు మిల్లీమీటరుకు ఎర్ర కణాలు సుమారు 45 లక్షలుంటాయి. ఈ జబ్బు ముదిరితే పది పదిహేను లక్షలకు దిగిపోతాయి.

కణాలు తగ్గడమే కాదు, ఉన్నవి మామూలు కంటే పెద్దవిగా ఉంటాయి. ఇనుము చాలకపోతే వచ్చే రక్తహీనతలో ఎర్ర కణాలు చిన్నబోతాయి, రంగు వెలుస్తాయి. ఇక్కడ అందుకు పూర్తిగా విరుద్ధం. దీనికి కారణం ఎముకల లోపలి మూలుగలో ఉంది. ఎర్ర కణాలు పుట్టేది అక్కడే. ఒక కణం రెండు కావాలంటే ముందు తనలోని డీఎన్‌ఏకు నకలు తీసుకోవాలి. ఆ నకలుకు కావలసిన సరుకు అందకపోతే కణం ఒళ్లు పెరుగుతుంది కానీ రెండుగా చీలదు. రెండు చపాతీలకు కలిపిన పిండి ఒకే పెద్ద ముద్దగా పెనం మీదికి వెళ్లినట్టు, రెండు కావలసిన చోట ఒకే పెద్ద కణం తయారవుతుంది. అలాంటివి చాలావరకు మూలుగలోనే చచ్చిపోతాయి. బయటికొచ్చిన కొన్నీ ఎక్కువకాలం బతకవు. ఇదంతా మనకు ఇప్పుడు తెలుసు. డీఎన్‌ఏ పని ఏమిటో కూడా తెలియని రోజుల్లో విల్స్ ముందున్నవి పెద్ద కణాలు, పాలిపోయిన తల్లులు, అంతే.

ఆ కాలానికి అలాంటి పెద్ద కణాల జబ్బు ఒకటి పాశ్చాత్య దేశాల్లో బాగా తెలుసు. దాని పేరు పెర్నీషియస్ అనీమియా. ఒకప్పుడు అది వచ్చిందంటే మనిషి మీద ఆశ వదులుకోవలసిందే. 1926లో అమెరికాలో జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ అనే ఇద్దరు డాక్టర్లు రోగులకు రోజూ పావుకిలో దాకా కార్జం తినిపించి బతికించారు. జార్జ్ విపుల్‌తో కలిపి వాళ్లకు 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. బొంబాయి తల్లుల రక్తం కూడా చూడ్డానికి అలాగే ఉంది కాబట్టి దీనికి గర్భిణుల పెర్నీషియస్ అనీమియా అని పేరు పెట్టారు. పేరు పెట్టాక రెండూ ఒకటే అనుకోవడం తేలిక. విల్స్ అలా అనుకోలేదు. అసలు పెర్నీషియస్ అనీమియాలో కడుపులో ఆమ్లం ఊరదు, నరాలు దెబ్బతిని కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. బొంబాయి రోగుల్లో నరాల జబ్బు లేదు. చాలామందికి కడుపులో ఆమ్లం మామూలుగానే ఊరుతోంది.

మొదట ఆమె సూక్ష్మజీవులను అనుమానించారు. పేగుల్లో ఏదైనా క్రిమి చేరి విషం పుట్టిస్తోందేమోనని పరీక్షలు చేశారు. ఆధారం దొరకలేదు. ఆ కారణం కొట్టేశారు.

తరవాత ఆమె ప్రశ్న మార్చారు. ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు, వాళ్లు ఏం తింటున్నారు అని అడిగారు. మెహతా, తాళ్పడే అనే భారతీయ సహచరులతో కలిసి రోగులనూ, వాళ్ల ఇళ్లలోని తిండినీ పరిశీలించారు. ఒకే ఊళ్లో, ఒకే గాలి పీల్చి, ఒకే నీళ్లు తాగే ఆడవాళ్లలో జబ్బు పేద ఇళ్లలో ఎక్కువ. పళ్లు, కూరగాయలు, మాంసకృత్తులు సరిగ్గా అందని ఇళ్లలో ఎక్కువ. పరదా పాటించే పేద ముస్లిం స్త్రీలలో మరీ ఎక్కువ. ఆ రోజుల్లో వలస దేశాల ప్రజల జబ్బులకు వాళ్ల జాతినో, వాతావరణాన్నో కారణంగా చెప్పి ఊరుకోవడం మామూలు. బొంబాయి మిల్లు కూలీ తల్లి కంచంలో ఏముందని అడిగి, దాన్ని రాసుకుని, ఆ జవాబును రక్తపు లెక్కల పక్కన పెట్టి చూడడం అప్పటికి చాలా పెద్ద పని. దాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

తిండిలో లోపముందని తేలింది. ఆ లోపం ఏమిటి? విటమిన్ ఏ, విటమిన్ సి తక్కువగా ఉన్నాయి కాబట్టి వాటిని ఇచ్చి చూశారు. రక్తం పెరగలేదు. ఆ రెండూ కొట్టివేత.

ఇక్కడ ఇంకో సూక్ష్మం చెప్పాలి. మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి రక్తం పూర్తిగా పట్టేదాకా నెలలు ఆగనక్కర్లేదు. మూలుగలోంచి అప్పుడే బయటికొచ్చిన లేత ఎర్ర కణాలకు ఒక నీలిరంగు వేస్తే లోపల సన్నటి పోగులు కనిపిస్తాయి. వాటిని రెటిక్యులోసైట్లు అంటారు. సరైన మందు పడితే నాలుగైదు రోజుల్లో వీటి సంఖ్య ఒక్కసారిగా ఎగబాకుతుంది. మూలుగ మళ్లీ పనిలోకి దిగిందని అర్థం. పడకపోతే లెక్క ఎక్కడిదక్కడే ఉంటుంది. మాటలతో వాదించే అవసరం లేకుండా ఏది మందో, ఏది కాదో చెప్పే పరీక్ష ఇది. పడక మీది మనిషికి ఒక పదార్థం ఇవ్వడం, రోజూ వేలికొన రక్తం తీయడం, లేత కణాలు లెక్కబెట్టడం.

ఎలుకల మీద కూడా ప్రయోగాలు చేశారు. తమిళనాడు కొండల్లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ నడిపే పోషకాహార పరిశోధనశాలలో ఎలుకలకు బొంబాయి పేదల తిండి పెట్టి చూశారు. చూలు ఎలుకలకు రక్తహీనత వచ్చింది. ఈస్ట్ కలిపితే రాకుండా ఆగింది. అంతటితో సంబరపడి ఆగిపోవచ్చు. కానీ ఆ ఎలుకలకు పేలు పట్టి, వాటి ద్వారా సోకే ఒక క్రిమి కూడా రక్తాన్ని తినేస్తుందని బయటపడింది. దాంతో ఎలుకల ఫలితాలను నమ్మడానికి వీల్లేకపోయింది. ఆమె రీసస్ కోతులకు మారారు. కోతుల మీద పని కొన్నేళ్లు సాగింది. ఈ కూనూరు పరిశోధనశాలే తరవాత 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో మనకు తెలిసిన జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఇక మార్మైట్. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్ట్‌తో చేసే నల్లటి చిక్కటి ఉప్పటి సారం. ఇంగ్లండులో రొట్టెకు రాసుకు తింటారు. కార్జం సారం బొంబాయి రోగులకు పనిచేస్తుందని అప్పటికి తెలుసు, కానీ దాని ఖరీదు పేదలు భరించేది కాదు. చవకగా దొరికే పదార్థమేదైనా ఆ పని చేస్తుందా అని ఆమె చూశారు. మార్మైట్ చేసింది. లేత కణాలు ఎగబాకాయి, తిండి సహించింది, మనుషులు లేచి కూర్చున్నారు. 1931 జూన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఏడాదే ఆమె మద్రాసులోని కాస్ట్ అండ్ గోషా ఆస్పత్రిలోనూ పనిచేశారు. ట్రిప్లికేన్‌లో ఇప్పుడున్న కస్తూర్బా గాంధీ ఆస్పత్రి అది.

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. నా లెక్కలో అసలైన ఘట్టం ఆ తరవాత ఉంది.

1937లో ఆమె మళ్లీ బొంబాయి వచ్చారు. సౌతాంప్టన్ నుంచి కరాచీకి, నీటి మీద దిగే విమానంలో ఐదు రోజుల ప్రయాణం. ఆ సరికి మందుల కంపెనీలు కార్జం సారాన్ని బాగా శుద్ధిచేసి, పెర్నీషియస్ అనీమియాకు చాలా చిన్న మోతాదులో పనిచేసేలా తయారుచేస్తున్నాయి. అందరూ దాన్ని అభివృద్ధిగా చూశారు. బార్బరా ఇవాన్స్‌తో కలిసి విల్స్ రెండు రకాలనూ బొంబాయి రోగులకు ఇచ్చి చూశారు. అంతగా శుద్ధిచెయ్యని ముతక సారం పనిచేసింది. బాగా శుద్ధిచేసినది పనిచెయ్యలేదు! శుద్ధి చేసేటప్పుడు ఏదో పోతోంది. పెర్నీషియస్ అనీమియాను నయంచేసే పదార్థం నిలుస్తోంది, బొంబాయి తల్లులను నయంచేసేది పోతోంది. అంటే కార్జంలో ఉన్నవి రెండు వేర్వేరు పదార్థాలు. మైక్రోస్కోపు కింద అచ్చం ఒకేలా కనిపించే రెండు జబ్బులకు రెండు వేర్వేరు కారణాలు. 1938లో లాన్సెట్‌లో దీన్ని ప్రకటించారు. పేరు తెలియని ఆ రెండో పదార్థాన్ని వైద్యలోకం చాలాకాలం విల్స్ ఫ్యాక్టర్ అని పిలిచింది.

ఇద్దరు అక్కచెల్లెళ్లలా కనిపించే జబ్బులను విడదీసి చూపడం వల్ల ఎంత మేలు జరిగిందో పదేళ్లలోనే అర్థమైంది. ఆ విల్స్ ఫ్యాక్టరే ఫోలిక్ యాసిడ్. అది చేతికి రాగానే డాక్టర్లు దాన్ని పెర్నీషియస్ అనీమియా రోగులకు కూడా ఇచ్చారు. రక్తం పట్టింది, కానీ నరాల జబ్బు ఆగలేదు, కొందరికి ముదిరింది కూడా. వాళ్లకు కావలసింది వేరే పదార్థం. 1948లో వెలికితీసిన విటమిన్ బి12 అది. ఇప్పటికీ మాంసం, పాలు, గుడ్డు ఏదీ ముట్టని వాళ్లలో బి12 లోపం వస్తుంది. అందుకే పెద్ద కణాల రక్తహీనత అని తేలితే ఆ రెండింటిలో ఏది తక్కువో చూడకుండా ఒక్క ఫోలిక్ యాసిడ్‌తో సరిపెట్టకూడదని డాక్టర్లు గట్టిగా చెబుతారు.

విల్స్ పేరులేకుండా వదిలిన పదార్థం కోసం వెతుకులాట అమెరికాలో ఊపందుకుంది. 1941లో టెక్సస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని రాబట్టి ఫోలిక్ యాసిడ్ అన్నారు. టన్నులకొద్దీ ఆకుకూర పిండితే వచ్చేది ఏపాటి? ఎవరైనా దాన్ని కృత్రిమంగా తయారుచెయ్యాలి. ఆ పని 1945లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ పరిశోధనశాలలో జరిగింది. అక్కడ పరిశోధనకు నాయకత్వం వహించినది మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావుగారి జీవితం మనవాళ్లలో చాలామందికి తెలుసు. ఒక్కటి మాత్రం ఇక్కడ గుర్తుచేస్తాను. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో, మనం గ్రహణి అంటామే, దానితో చనిపోయారు. ఆయనా ఆ జబ్బు పడి లేచినవారే. పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వని ఆ జబ్బులో కూడా వచ్చేది ఈ పెద్ద కణాల రక్తహీనతే. ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బును నయంచేసింది. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీల పక్కన కూర్చుని ఒక ఇంగ్లీషు స్త్రీ వేసిన ప్రశ్నకు, భీమవరం నుంచి వెళ్లిన ఒక తెలుగు డాక్టరు అమెరికాలో జవాబు తయారుచేశారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ ఇద్దరి పేర్లూ ఒకే పేజీలో ఉండాలని నేను మనసారా కోరుకుంటాను.

అక్కడి నుంచి కథ ఇంకో దారి పట్టింది. కణం చీలడానికి ఫోలిక్ యాసిడ్ కావాలంటే, అదుపులేకుండా చీలిపోయే క్యాన్సర్ కణాలకు దాన్ని అందకుండా చేస్తే? బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ ఆలోచన చేశారు. ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి, దాని పని జరగనివ్వని అమినోప్టెరిన్ అనే మందును సుబ్బారావుగారి బృందం తయారుచేసి ఇచ్చింది. రక్తక్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి తాత్కాలికంగా జబ్బు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో అది ప్రచురణ అయింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు పోయారు. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో ఉంది. కీళ్లవాతానికీ తక్కువ మోతాదులో వాడుతున్నారు.

విల్స్ యుద్ధకాలమంతా లండన్‌లోనే పనిచేశారు. 1944లో రాయల్ ఫ్రీ ఆస్పత్రి మీద ఎగిరే బాంబు పడి మనుషులు చనిపోయారు. కొన్నాళ్లకే ప్రయోగశాల మళ్లీ నడిచింది. అక్కడ మొదటి రక్తవ్యాధుల విభాగాన్ని నెలకొల్పి 1947లో పదవీ విరమణ చేశారు. విశ్రాంతి తీసుకోలేదు. జమైకా, ఫిజీ, దక్షిణాఫ్రికా వెళ్లి పోషకాహారం, రక్తహీనతల మీద పనిచేశారు. చివరి పదేళ్లలో చెల్సీలో లేబర్ పార్టీ తరఫున మునిసిపల్ కౌన్సిలరుగా ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు. సైకిలు మీద తిరిగేవారు, కొండలెక్కేవారు. 1964 ఏప్రిల్‌లో చనిపోయారు.

ఇప్పుడు మన సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతానికి రక్తహీనత ఉంది. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. వికారంగా ఉందనో, విరేచనం నల్లగా వస్తోందనో చాలామంది మానేస్తారు. నలుపు ఇనుము వల్ల వస్తుంది, దానివల్ల ప్రమాదం లేదు. కాఫీ, టీలతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. తోటకూర, పాలకూర, మెంతికూర, శనగలు, పెసలు వీటన్నిటిలో ఫోలిక్ యాసిడ్ జాతి పోషకం ఉంది. ఆకుకూరను ఎక్కువ నీళ్లలో చాలాసేపు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే అది చాలావరకు నీళ్లతో పోతుంది.

ఇంకొక్క మాట, కొత్తగా పెళ్లయిన వాళ్లకు, వాళ్ల ఇంట్లోని పెద్దవాళ్లకు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసి ఆస్పత్రికి వెళ్లేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. అది సరిగ్గా మూసుకోకపోతే బిడ్డ వెన్నెముక లోపంతో పుడుతుంది. అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులు తరవాతి గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఆ లోపం మళ్లీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గిందని బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1991లో ఏడు దేశాల్లో చేసిన పరీక్షతో తేల్చింది. వాళ్లకు మోతాదు ఎక్కువ కావాలి, అది డాక్టరే చెప్పాలి. మిగతావాళ్లకు రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర సరిపోతుంది. బిడ్డ కావాలనుకున్న రోజు నుంచే వేసుకోవాలి. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో అడగండి.